దిగుడు పెట్రోలు, ఎక్కుడు పెట్రోలు

ఒక తప్పును ఒకసారి చేస్తే దాన్ని పొరపాటు అంటారు. నేను ఒకే తప్పును మూడుసార్లు, ఒకే పద్ధతిలో, ఒకే జాగ్రత్తతో చేశాను. మూడుసార్లూ ఒకే ఫలితం వచ్చింది కాబట్టి ఇదే సత్యమని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, తేదీ కూడా వేశాను. ఆ కాగితం ఇప్పటికీ తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్ ఆఫీసు గోడకు అంటించి ఉంది. వచ్చినవాళ్లంతా చదివి నవ్వుతారు. ఎందుకు నవ్వుతారో నేనే ముందుగా చెప్పుకుంటే కాస్త మర్యాద మిగులుతుందని ఆశ.

అప్పటికి మెకానికల్ డిప్లొమా పూర్తయి ఎనిమిది నెలలు. ఉద్యోగం లేదు. మా మేనమామ రాములు ఆ యూనిట్ సేటు దగ్గర డ్రైవరు. మాది వికారాబాద్. పొద్దున అక్కడి నుంచి సూపర్‌వైజర్లను తాండూరుకు తీసుకెళ్లి, సాయంత్రం తీసుకురావడం మామ పని. ఒకరోజు నన్ను కూడా ఎక్కించుకుని వెళ్లి సేటు ముందు నిలబెట్టాడు.

"మా అల్లుడు సేటూ. ఇంజన్ల చదువు చదివిండు. ఏదన్న పని జూడుండ్రి."

సేటు నన్ను పైనుంచి కిందికి చూశాడు. బండలో పగులు ఉందేమోనని చూసే చూపది.

"ఒక్కటి తేల్చు," అన్నాడు. "బంకుకు పోతే చాలు, ప్రీమియం పెట్రోలు పోయించుమని సతాయిస్తుండ్రు. ధర ఎక్కువ. మనయి రోజు తిరిగే మామూలు కార్లు. నాలుగున్నయ్. పోయించాల్నా, వద్దా? మంచిగ తేల్చినవంటే నాలుగు బండ్లు చూసుకునే పని నీకే ఇస్త."

నిజానికి జవాబు నాకు ఆ నిమిషమే తెలుసు. ప్రీమియంలో ఎక్కువుండేది ఆక్టేన్. అది పెట్రోలు బలం కాదు, ఓర్పు. ఇంజన్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు తొందరపడి ముందే అంటుకోకుండా ఆగే గుణం. ఆ ఓర్పు అవసరమైన ఇంజన్లు వేరే ఉన్నాయి. మామూలు ఇంజన్‌కు ఎక్కువ ఓర్పున్న పెట్రోలు పోయడం, పక్కింటికి వెళ్లడానికి గొడుగు, స్వెటర్, టార్చిలైటు పట్టుకెళ్లడం లాంటిది. ఏ పెట్రోలు కావాలో కారుతో ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఇంత చెప్పి ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ నాలుగు వాక్యాలకు ఎవరైనా నాలుగు కార్లు అప్పగిస్తారా అని నాకు అనుమానం వచ్చింది.

"పరీక్ష చేసి నివేదిక ఇస్తాను," అన్నాను.

ఇంటికొచ్చి జాబితా రాశాను. ఫలితాన్ని చెడగొట్టగల కారణాలు పదకొండు. టైర్లలో గాలి, ఏసీ, కిటికీ అద్దాలు, డ్రైవరు, వేగం, బయలుదేరే సమయం, ఇలా. తొమ్మిదోది డిక్కీలో సామాను. పదకొండోది మామ టిఫిన్ డబ్బా. వెళ్లేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా ఉంటుంది కదా. అందుకని మామ ఎంత తిన్నాడో అంత బరువు నీళ్లు అందులో పోసి మూత పెట్టించాను. తిన్నది ఎలాగూ మామలోనే ఉంటుందన్న సంగతి అప్పట్లో తట్టలేదు. ఇది నా అసలు తప్పు కాదు, కొసరు.

పద్ధతి కూడా పక్కాగా రాసుకున్నాను. మెకానిక్ దగ్గర పైపు పెట్టి ట్యాంకు ఖాళీ చేయించడం, వికారాబాద్ బంకులో ప్రీమియం ఐదు లీటర్లు పోయించడం, తాండూరు వెళ్లాక మిగిలింది తీయించి కొలవడం. అక్కడి బంకులో మామూలు పెట్రోలు ఐదు లీటర్లు పోయించి, వికారాబాద్ వచ్చాక మళ్లీ కొలవడం. పోను ప్రీమియం, రాను మామూలు. అదే రోడ్డు, అదే కారు, అదే మామ.

మొదటి రోజు పొద్దున మామ తాళం తిప్పాడు.

"ఇగ తాండూరు దిగుదామా అల్లుడా?"

"మామా, కారు దిగుతాం, బస్సు దిగుతాం. ఊరు దిగం. పోదామా అనాలి."

"మా అయ్య దిగుడే అన్నడు, మా తాత దిగుడే అన్నడు. వికారాబాద్‌కు ఎక్కుడు, తాండూర్‌కు దిగుడు."

"వాళ్లు తప్పన్నారు. నివేదికలో అలా రాయలేం."

మామ నా వైపోసారి చూసి, గేరు వేశాడు. ఆ మాటను పట్టుకుని ఉంటే నేనివాళ ఈ ముక్క రాయాల్సిన పని ఉండేది కాదు.

ధారూర్ దాటాక మామ ఆక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడు. కారు ఆగలేదు.

"సూడు అల్లుడా, కాలు దీసినా ఉరుకుతనే ఉన్నది."

"అదే మామా ఆక్టేన్," అని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

తాండూరులో కొలిచాం. సాయంత్రం వికారాబాద్‌లో కొలిచాం. ప్రీమియం మీద లీటరుకు మూడు కిలోమీటర్లకు పైగా ఎక్కువ వచ్చింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. నేను చదివిన పుస్తకమేమో తేడా ఉండదంటోంది. చదువుకున్నవాడు అలాంటప్పుడు ఏం చేస్తాడు? మళ్లీ చేస్తాడు. రెండోరోజూ అంతే వచ్చింది. మూడోరోజూ అంతే. మూడోరోజు సాయంత్రానికి నాకు పుస్తకం రాసినవాళ్ల మీద జాలి కలిగింది. పాపం, వాళ్లెవరూ వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లి చూసి ఉండరు.

"మామా, ఇక మూడు తరాల దాకా ప్రీమియమే."

"జర ఆలోచించు అల్లుడా. నీ మాట మీద ఆయన నాలుగు బండ్లల్ల పోయిస్తడు. రేపు తేడా వస్తె ముందుగాల నన్నడుగుతడు, నిన్ను తెచ్చింది నేను."

"ఫికర్ పడకు మామా. మూడుసార్లు చేశాను."

నాలుగోరోజు సేటు ఆఫీసులో నివేదిక చదివాను. పదకొండు కారణాలు చదివాను. టిఫిన్ డబ్బా దగ్గర సేటు కనుబొమ్మలు లేచాయి. చివరి వాక్యం నిలబడి చదివాను: "కావున రోజువారీ కార్లకు ప్రీమియం పెట్రోలు తప్పనిసరిగా లాభదాయకం."

సేటు మెచ్చుకోలుగా తలూపాడు. "అయితే నాలుగిట్ల గదే పోయిద్దాం. రేపటి నుంచి నువ్వు..."

అంతలో వాచ్‌మన్ సాయన్న తాత చాయ్ తెచ్చాడు. కాళ్లలో బలమున్నన్నాళ్లు గొర్ల మందను తోలిన మనిషి. వికారాబాద్ గుట్టల్లో మేపి తాండూరు అంగడికి నడిపించేవాడు. కప్పు నా ముందు పెట్టి అక్కడే నిలబడ్డాడు.

"బిడ్డా, నాకొక్కటి సమజ్ గాలె. తాండూర్‌కు దిగేటప్పుడు ఏం బోసినవ్?"

"ప్రీమియం తాతా. దిగేటప్పుడు కాదు, పోయేటప్పుడు."

"ఎక్కేటప్పుడు?"

"వచ్చేటప్పుడు మామూలుది."

"మూడు దినాలు గిట్లనేనా? ఒక్కసారన్న మార్చి పోయలేదా?"

"లేదు తాతా. ఒకే పద్ధతి ఉండాలి, అప్పుడే శాస్త్రీయం."

తాత కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే నా గొర్లు గూడ ప్రీమియమే తాగినయ్ బిడ్డా," అన్నాడు. "తాండూర్‌కు దిగేటప్పుడు కట్టె పని లేకపోతుండె, వాటంతట అవ్వే ఉరుకుతుండె. అమ్ముడుపోని గొర్లను మర్ల గుట్టల దిక్కు ఎక్కియ్యాల్నంటె పానం బోతుండె. నడుమనడుమ కూసుంటుండె. అవ్విట్కి ఏ బంకుల బోసిండ్రో నాకైతే ఎరుకలే."

బయట బండలు కోసే మిషన్ ఒక్కటే తిరుగుతోంది.

నేను పదకొండు కారణాల జాబితా తీసి మళ్లీ చదివాను. పన్నెండోది లేదు. వికారాబాద్ గుట్టల మీద ఉంది, తాండూరు పల్లంలో ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు నాకంటే నయం. నేను ఎలుకను పట్టి, తూచి, తోకను కూడా కొలిచి, కొండను మాత్రం చూడలేదు.

"నేను మొదటి దినం నుంచి చెప్తనే ఉన్న సేటూ," అన్నాడు మామ, గోడ వైపు చూస్తూ. "దిగుదాం, దిగుదాం అని. ఈయన నా తెలుగు దిద్దిండు."

సేటు ముఖంలో ఏ భావమూ లేదు. "రేపు మర్లేసి చెయ్యి," అన్నాడు.

తాండూరులో ప్రీమియం దొరకదని నేను మొదట్లోనే రాసుకున్నాను. ఊరి బయట ఇంకో బంకులో దొరుకుతుందని సాయన్న తాతే చెప్పాడు. మర్నాడు దిగేటప్పుడు మామూలుది, ఎక్కేటప్పుడు ప్రీమియం. ఈసారి మామూలు పెట్రోలు లీటరుకు మూడు కిలోమీటర్లకు పైగా గెలిచింది. దిగుడూ ఎక్కుడూ కలిపి చూస్తే ఏ పెట్రోలుకైనా ఒకే మైలేజీ. అంటే పుస్తకం మొదటి నుంచీ చెప్పిందే. నాలుగు వాక్యాల్లో చెప్పగలిగిన సంగతిని నాలుగు రోజులు తిరిగి, మధ్యలో తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది పోలేదు, ధారూర్ దాటాక వాలు మీద జారింది.

కొత్త అంకెలు తీసుకెళ్లి సేటు ముందు పెట్టి, తల వంచుకుని నిలబడ్డాను. మామ నాకంటే రెండంగుళాలు ఎక్కువ వంచాడు.

"మామూలు కార్లకు మామూలుదే చాలు సేటూ. పెట్రోలు మూత తీస్తే లోపల ఏది పోయాలో రాసి కూడా ఉంది. నేను చూడలేదు."

"బండ్లు నువ్వే చూసుకో," అన్నాడు సేటు. మామ తల లేచింది. "కని ఒక్క షరతు. నువ్వు రాసిన ఏ కాయితమైనా ముందుగాల సాయన్నకు జూపియ్యాలె. ఆయన దస్కత్ లేకుంటే నేను ముట్ట."

ఆ షరతు ఇప్పటికీ నడుస్తోంది. మొదటి దస్కత్ నా పాత నివేదిక మీదే పడింది. "తప్పనిసరిగా లాభదాయకం" అన్న వాక్యం కింద తాత ఓపికగా, పెద్ద పెద్ద అక్షరాలతో "గొర్లకు గూడ గిట్లనే" అని రాసి, సంతకం చేసి, సేటుకిచ్చాడు. గోడకు అంటించింది సేటే.

కనుక ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై రెండు వైపులా కొలవనిదే ఏ పెట్రోలునూ పొగడను, తెగడను. టిఫిన్ డబ్బాలో నీళ్లు పోయించను. పెద్దల తెలుగు దిద్దను. రోజూ పొద్దున తాండూరు దిగుతాను, సాయంత్రం వికారాబాద్ ఎక్కుతాను. దారిలో గొర్ల మంద ఎదురైతే కారు ఆపి, అవి ఎటు ఉరుకుతున్నాయో చూసి మరీ కదులుతాను.