పాలకొల్లు రాహుకాలం

"...అదేనండీ నేనడిగేది. ఖడ్గమృగాన్ని చూడ్డానికొస్తున్నానా, మీకు చారు కాచడానికొస్తున్నానా?"

"రెండూ చెయ్యొచ్చే. ఎవరొద్దన్నారు?"

"కిందటేడూ ఇదే మాటన్నారు. సింహాల కోసం గుజరాత్ దాకా వెళ్లి, మీరంతా జీపెక్కితే నేను సత్రంలో వంకాయలు తరిగాను."

"మాకు మాత్రం సింహం కనపడిందా ఏంటి? తోకే కదా కనపడింది."

"నాకు ఆ తోకా లేదు."

పక్క బెర్తు మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న సూర్యకళ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంది. "తోక సంగతి తేల్చేసుకోండి అన్నయ్యగారూ. అస్సాం ఇంకా చాలా దూరముంది."

రైలు అప్పుడే తుని దాటింది.

అన్నయ్యగారంటే కుక్కుటేశ్వరరావు. పాలకొల్లు బజారులో స్టీలు సామాన్ల కొట్టు ఆయనది. కొడుకు వినయ్ గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాక ఆయన మనసు దేశం మీదకు పోయింది. ఏటా మాఘమాసంలో, గిరాకీ పలచబడ్డాక, తెలిసినవాళ్లను పదిమందిని కూడగట్టి రైలెక్కిస్తాడు. ఇందులో తనకు పైసా మిగలదు. ఆ సంగతి ఎవరూ అడగకముందే చెబుతాడు.

ఆయన యాత్రలకు రెండు నియమాలున్నాయి. పంచాంగం చూడకుండా కదలకూడదు. వేడన్నం తినకుండా ఏదీ చూడకూడదు.

మొదటి నియమం వల్ల వాళ్లు ఆగ్రా వెళ్లిన ఏడు ఇలా జరిగింది. మంగళ, బుధవారాలు ఉత్తరానికి వారశూల, అటు ప్రయాణం కూడదు. అందుకని గురువారం బయల్దేరారు. శుక్రవారం ఆగ్రాలో దిగారు. శుక్రవారం తాజ్‌మహల్‌కు సెలవు. మూసిన గేటు ముందు వరసగా నిలబడి ఫొటో తీయించుకుని, ఆ సాయంత్రమే మథుర రైలెక్కారు. మరో ఏడు ఢిల్లీలో మంచిరోజు చూసుకుని మ్యూజియానికి వెళితే అది సోమవారమైంది. అక్కడా గేటు ముందు ఫొటో ఉంది. మంచిరోజుకూ సెలవురోజుకూ మధ్య ఏదో బంధుత్వం ఉందని ఎవరికీ తట్టలేదు. కుక్కుటేశ్వరరావు మాత్రం ప్రభుత్వాన్ని తప్పుపట్టాడు.

"ఇంత పెద్ద దేశంలో సెలవులు ఎక్కువైపోయాయండి" అన్నాడు.

తిరిగొచ్చాక వర్తక సంఘం హాల్లో తెర కట్టి, ఆ ఫొటోలు చూపించి ఉపన్యాసమిస్తాడు. సగం ఫొటోల్లో గేట్లుంటాయి, మిగతా సగంలో విస్తళ్లుంటాయి. రాజస్థాన్ గురించి ఆయన చెప్పింది ఇప్పటికీ బజారులో అనుకుంటారు. "కోటలు గట్టివేనండి, కాదనను. కరివేపాకే లేదు." పంజాబ్‌లో పప్పులో చింతపండు వెయ్యరన్నాడు. కాశీలో గంగ పెద్దదే గానీ మన గోదావరిలా వెడల్పు లేదన్నాడు. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఉదయ్‌భాస్కర్ ముందు వరసలో కూర్చుని, దేశాన్ని ఇంత దగ్గరగా చూసినవాడు మన జిల్లాలో లేడని ప్రతిసారీ అంటాడు. ఉదయ్‌భాస్కర్ కూడా అన్ని యాత్రలకూ వెళ్లినవాడే.

రెండో నియమం ఆయన భార్య మీనాకుమారిది. అంటే, పెట్టింది ఆయన, నడిపేది ఆవిడ. బియ్యం, కందిపప్పు, చారుపొడి, ఆవకాయ జాడీ, కరెంటు కుక్కర్లు అన్నీ కొట్టులోంచే రెండు ట్రంకుపెట్టెల్లో వస్తాయి. వంటమనిషిని పెట్టుకుందామని ఒకసారి సూర్యకళ అంటే, "మా ఆవిడ చేతి చారు తాగాక ఇంకొకరిది తాగగలరా?" అన్నాడాయన. అందరూ తల ఊపారు. పొగిడితే ఎదురు చెప్పడం మీనాకుమారికి అప్పట్లో చేతకాలేదు. అలా ఆవిడ చూసిన భారతదేశమంతా సత్రాల పెరళ్లు, కుళాయిలు, అంట్లు తోముకునే గట్లు.

ఖడ్గమృగం మీద మాత్రం ఆవిడకు చిన్నప్పటి పట్టుదల ఉంది. పిఠాపురంలో వాళ్ల నాన్నకు బట్టలు కుట్టే కొట్టు. స్కూలు పుస్తకంలో బొమ్మ చూపించి, దీని తోలుకు ఇన్ని కుట్లు ఎవరేశారు నాన్నా అని అడిగితే, ఆయన టేపు మెడలో వేసుకుంటూ, నాకేం తెలుసమ్మా, అస్సాం వెళ్లి దాన్నే అడుగు అన్నాడు. ఈ ఏడు యాత్ర అస్సాం అనగానే, వంట చేస్తాను గానీ ఆ మృగాన్ని చూసి తీరతానని ఆవిడ ముందే చెప్పింది. కుక్కుటేశ్వరరావు సరేనన్నాడు. తూర్పుకు శని, సోమవారాలు పనికిరావు కాబట్టి శుక్రవారం రాజమండ్రిలో ఎక్కించాడు.

చిలికా సరస్సు వచ్చేసరికి అందరి చేతుల్లో పులిహోర ఉంది. నీళ్ల మీద నుంచి పక్షులు గుంపుగా లేచాయి.

"అవిగో, అవిగో" అంది సూర్యకళ.

"ముందు తినండమ్మా" అన్నాడు కుక్కుటేశ్వరరావు. "పక్షులెక్కడికి పోతాయి? వచ్చేటప్పుడు చూద్దాం."

"వచ్చేటప్పుడు ఇక్కడికి చీకటిపడ్డాక వస్తామండి" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"అయితే వినపడతాయి."

ఆదివారం అస్సాంలో దిగి, కాజీరంగా అడవి దగ్గర ఒక లాడ్జిలో చేరారు. సోమవారం ఉదయం ఏడున్నరకు జీపులు వాకిట్లోకొచ్చి హారన్ కొట్టాయి. మీనాకుమారి వేడన్నం, పప్పు అప్పటికే అందరికీ పెట్టేసింది. ఎక్కడా తప్పు దొరక్కూడదని తెల్లవారకముందే లేచింది. స్వెట్టరు మీద పమిట కప్పుకుని అందరికన్నా ముందు వాకిట్లో నిలబడింది.

కుక్కుటేశ్వరరావు ఫోన్‌లో పంచాంగం చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి. సోమవారం కదా. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం."

"రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి కదండీ" అంది సూర్యకళ. "ఇక్కడ సూర్యుడు మనకన్నా ఎంతో ముందు లేచాడు. ఇక్కడి లెక్క వేరేమో."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచించినట్టు అందరికీ కనపడేలా ఆలోచించాడు.

"మనం పాలకొల్లు వాళ్లం. మనకి పాలకొల్లు రాహుకాలమే వర్తిస్తుంది."

"అంతేనండి" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"ఖడ్గమృగం అస్సాందండీ" అంది మీనాకుమారి. "దానికి ఏ రాహుకాలం?"

"దానికేం, అది ఇంట్లోనే ఉంది. ప్రయాణం చేసేది మనం."

జీపు డ్రైవరుకు ఈ చర్చ ఏమీ అర్థం కాలేదు. కాసేపు చూసి, పక్క లాడ్జిలో ఎవరో బెంగాలీలు చెయ్యి ఊపితే వాళ్లను ఎక్కించుకుని వెళ్లిపోయాడు. మిగతా జీపులూ కదిలాయి. తొమ్మిది దాటాక కుక్కుటేశ్వరరావు కుడికాలు ముందు పెట్టి వాకిట్లోకొచ్చాడు. వాకిలి ఖాళీగా ఉంది.

"మధ్యాహ్నం జీపులుంటాయట. ఎలాగూ ఆలస్యమైంది, భోంచేసే వెళ్దాం" అన్నాడు.

రెండో వంటకు రెండు కుక్కర్లూ ఒకేసారి పెడితే లాడ్జి మొత్తానికి కరెంటు పోయింది. మేనేజరు వచ్చి హిందీలో అరిచాడు. కుక్కుటేశ్వరరావు అతనికి ఆవకాయ రుచి చూపించి శాంతింపజేశాడు. ఫ్యూజు మార్చి, అన్నం ఉడికి, పదిమందీ తిని, ఆఖరున మజ్జిగ పోసుకుని అడవి గేటు దగ్గరకు చేరేసరికి మధ్యాహ్నం జీపుల్లో ఒక్క సీటూ మిగల్లేదు.

గేటు పక్కన సిమెంటుతో చేసిన ఖడ్గమృగం ఉంది. కుక్కుటేశ్వరరావు అందరినీ దాని చుట్టూ నిలబెట్టాడు.

"మీనా, చెయ్యి వెయ్యి. అచ్చం ఇలాగే ఉంటుందట. కదలదు కాబట్టి ఫొటో కూడా బాగా వస్తుంది."

మీనాకుమారి చెయ్యి వెయ్యలేదు. ఆ ఫొటోలో ఆవిడ అందరికీ వెనక, అడవి వైపు తిరిగి ఉంది.

చీకటి పడకముందే లాడ్జికి తిరిగొచ్చారు. కుక్కుటేశ్వరరావు వరండాలో కుర్చీ వేసుకుని హాల్లో ఇవ్వబోయే ఉపన్యాసాన్ని ఉదయ్‌భాస్కర్ మీద ప్రయోగించి చూసుకుంటున్నాడు.

"ఖడ్గమృగం శుద్ధ శాకాహారి అండి. పూర్తిగా మనలాగే. రాత్రిళ్లు కూడా మేస్తుంది."

"వింటుంటే చూసినట్టే ఉందండి" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

మీనాకుమారి మెట్ల దగ్గర నిలబడి, పొద్దున వచ్చిన జీపు డ్రైవరుతో తనకొచ్చిన నాలుగు హిందీ మాటల్లో, మిగతాది చేతులతో మాట్లాడుతోంది. డ్రైవరు తలూపి, ఎన్నింటికి వస్తాడో వేళ్లతో చూపించి వెళ్లిపోయాడు. ఆవిడ వరండాలోకొచ్చింది.

"పొద్దున్నే రైలు" అన్నాడు కుక్కుటేశ్వరరావు. "దారిలోకి పులిహోర కలిపెయ్ మీనా. కొంచెం ఎక్కువే కలుపు."

"అన్నం మీరే వండుకోండి. ఒకటికి రెండు నీళ్లు పొయ్యండి" అంది మీనాకుమారి. "పొద్దున మీరంతా రైలెక్కండి. నేను జీపెక్కుతున్నాను. ఎల్లుండి రైలుకి వస్తాను."