ప్రిన్సిపాల్ గారి మధ్యాహ్న జపం

మా ప్రిన్సిపాల్ గారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున్నే ఆవిడ మేనకోడలు చాట్స్‌వర్త్ నుంచి ఫోన్ చేసి, "అత్త నిద్దర్లోనే వెళ్లిపోయింది ఆంటీ. నో పెయిన్" అంది. ఏమనాలో తోచక, "మీరంతా ఏమైనా తిన్నారా?" అని అడిగాను. అది నా మాట కాదు, ఆవిడది. ఎవరింట్లో ఏ కష్టం వచ్చినా ముందు ఆ మాటే అడిగేవారు.

తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన రోజుల్లో మా వారికి డర్బన్‌లో ఇంజినీరు ఉద్యోగం దొరికితే గుంటూరు నుంచి వచ్చాను. ఆ ఊళ్లోనే భారతీయులుండే పేట చాట్స్‌వర్త్‌లో ఆవిడ నడిపే హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. మొదటి రోజు నేను ఇంగ్లీషు కూడబలుక్కుంటుంటే ఆవిడ నవ్వి, "కూచో అమ్మాయ్, బయపడకు. మా అవ్వ నీలాగే తెలుగు మాటాడేది. నాకు హాఫ్ మాత్రం వస్తాది" అన్నారు. ఆ అవ్వ మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లు కూలీల బ్యారక్స్‌లో బతికిన మనిషి. మనవరాలికి సగం తెలుగుతో పాటు యేసు నేర్పిన పరలోక జపం మొత్తం నేర్పి పోయింది.

వాళ్లది కేథలిక్ కుటుంబం. రోజూ మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే ప్రిన్సిపాల్ గారు తన గది తలుపు వేసుకునేవారు. కునుకు తీస్తారేమో అనుకున్నాను. నా అనుమానం పసిగట్టినట్టున్నారు, ఒకరోజు ఆవిడే చెప్పారు.

"పడుకోను అమ్మాయ్. జపం చెప్పుకుంటాను. తర్వాత పొద్దున్నించి నేను ఎలా నడిచానో ఆయనతో కూచుని చూసుకుంటాను. ఎవరికి థ్యాంక్స్ చెప్పాలి, ఎవరి మీద అరిచాను, ఎవరి మొహం చూడకుండా తప్పుకున్నాను. సాయంత్రం దాకా ఆగితే మర్చిపోతాను. మంచిది మాత్రమే గుర్తుంటాది."

ఆ సంవత్సరాల్లో ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో మీకు చెప్పాలి. కొండవాలు మీది రేకుల ఇళ్ల నుంచి నల్లజాతి జులూ పిల్లలు మొదటిసారి మా స్కూల్లో చేరుతున్నారు. వాళ్లను చేర్చుకున్నారని గొణిగే పాత పిల్లల తల్లిదండ్రులకు సమాధానం చెప్పాలి, వచ్చిన పిల్లలకు బెంచీలు చూడాలి. ఆ పైన ఇంకో ఉత్తర్వు వచ్చింది. టీచర్లు ఎక్కువ ఉన్న స్కూళ్ల నుంచి లేని స్కూళ్లకు కొందరిని పంపాలట. మా దగ్గర ఒకరు ఎక్కువ. ఆ ఒకరు ఎవరో ప్రిన్సిపాలే తేల్చాలి.

"న్యాయమే అమ్మాయ్. అక్కడి పిల్లలకు టీచర్ లేదు. కానీ ఈ న్యాయం నా చేత్తో చెయ్యమంటున్నారు" అన్నారు.

స్టాఫ్ మీటింగులో చరిత్ర మాస్టారి పేరు చెప్పారు. ఆయన ప్రతి మీటింగులోనూ ఆవిడతో వాదించే మనిషి. ఆ రోజు మాత్రం పుస్తకాలు సర్దుకుని లేచి వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం క్లాసుల గంట కొట్టినా ఆవిడ గది తలుపు తెరుచుకోలేదు. చాలాసేపటికి బయటికొచ్చి, మమ్మల్నందరినీ స్టాఫ్ రూముకి పిలిపించారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది ఇది:

"నిన్న ఈయన పేరు చెప్పగానే నాకు ప్రాణం తేలికపడింది. ఒక మనిషిని తన చోటు నుంచి కదిలిస్తూ నేనెందుకు తేలికపడ్డానని ఇందాక దేవుడి ముందు కూర్చుని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఈయన నాతో వాదిస్తారు కాబట్టి. అంతకు మించి కారణం లేదు. తప్పు చేశాను." మాస్టారి వైపు తిరిగి, "నన్ను క్షమించండి" అన్నారు.

మాస్టారు ఆవిడ వైపు తిరిగారు. "క్షమిస్తాను మేడమ్. కానీ వచ్చే మీటింగులో కూడా వాదిస్తాను."

"వాదించండి."

ఎవరో ఆపుకోలేక నవ్వారు. దాంతో మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

ఆ తర్వాత అందరి ఎదుటా సర్వీసు, సబ్జెక్టు చూసి మళ్లీ తేల్చారు. ఈసారి బయాలజీ టీచరు ఎక్కువని తేలింది. ఆవిడ ప్రిన్సిపాల్ గారికి చిన్ననాటి స్నేహితురాలు. ఇద్దరూ రోజూ ఒకే కారులో వచ్చేవారు. ఆ సాయంత్రం స్నేహితురాలి ఇంటికి వెళ్తూ నన్నూ తోడు రమ్మన్నారు. గుమ్మంలోనే ఆమె అడిగింది:

"ఇప్పుడు నీ దేవుడు నా పేరు చెప్పాడా?"

"లేదు. నేనే చెబుతున్నాను."

తలుపు మూసుకుంది. ఆమె నల్లవాళ్ల పేట ఉమ్లాజీలో ఒక స్కూలుకు మారింది. ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారు కారులో ఒక్కరే వచ్చేవారు. ఆ కారు దిగుతున్నప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "అంత ప్రార్థన చేస్తారు కదా, ఈ బాధ పోదా మేడమ్?"

"పోదు అమ్మాయ్. ఉంటాది. కానీ దాని పక్కన నేను ఒక్కదాన్నే ఉండను."

మరుసటి ఏడాది ఈస్టర్ సెలవుల ముందు ఆ స్నేహితురాలు చెప్పాపెట్టకుండా మా స్కూలుకు వచ్చింది. పలకరింపు లేదు. "నా పిల్లలకు గుండె బొమ్మ చూపించడానికి ఒక్క చార్టు లేదు. నీ దగ్గరున్న పాతవి ఇవ్వు" అంది. ప్రిన్సిపాల్ గారు బీరువా తెరిచారు. ఇద్దరూ చార్టులు చంకన పెట్టుకుని కారు దాకా నడిచారు. కారు దగ్గర ఏం మాట్లాడుకున్నారో తెలియదు. చాలాసేపు నిలబడ్డారు.

నేను కేథలిక్‌ని కాను. అయినా లెక్కల విభాగం బాధ్యత నా మీద పడ్డ రోజు నుంచి మధ్యాహ్నం కాసేపు తలుపు వేసుకుంటున్నాను. నాకు జపాలు రావు. ఇవాళ ఎవరి మొహం చూడకుండా తప్పుకున్నానని మాత్రం నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు ఎవరో ఒకరు గుర్తుకొస్తారు. లేచి వాళ్ల దగ్గరికి వెళ్తాను.

బుధవారం చర్చిలో పూజ తర్వాత ఆవిడను మట్టిలో పెట్టాం. ఫాదర్ చివరి ప్రార్థన ముగించగానే మా స్కూలు యూనిఫారాల్లో వచ్చిన ఆడపిల్లలు జులూలో పాట అందుకున్నారు. పూలు వేయడం అయిపోయింది, జనం కదిలారు, వాళ్లు మాత్రం ఆపలేదు. పాడుతూనే గేటు దాకా నడిచారు, పాడుతూనే మినీబస్ టాక్సీ ఎక్కారు. డ్రైవరు రేడియో కట్టేశాడు. బండి కొండ ఎక్కి మలుపు తిరిగిన తర్వాత కూడా కాసేపు గాలిలో ఆ పాట వినిపించింది.