పిల్లల మాట ఎత్తకూడని గురువారాలు

పేర్లు రాయను. అందరూ ఇంకా ఉన్నారు, అందరికీ చదవడం వచ్చు.

మా నలుగురినీ కలిపింది స్నేహం కాదు, బోల్తా పడ్డ ఒక రిక్షా. డెబ్బయిల్లో మేం హార్బరుకి దగ్గర్లో క్వార్టర్సులో ఉండేవాళ్ళం. పిల్లల స్కూలు రైలు పట్టాలకి అవతల. ఆరుగురు కూర్చునే రిక్షాలో పదమూడు మందిని కుక్కి పంపేవాళ్ళం. ఒక వానాకాలం పొద్దున్న ఆ రిక్షా మలుపులో మురుగు కాలవలోకి ఒరిగింది. దెబ్బలేమీ తగల్లేదు గానీ, పదమూడు మందీ ఒకే రంగులో తిరిగొచ్చారు. కడిగితే గానీ ఎవరి పిల్లలెవరో తెలియలేదు.

ఆ సాయంత్రం మా మగవాళ్ళు సమావేశమయ్యారు. పరిస్థితి తీవ్రంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. మర్నాడు మళ్ళీ కూర్చుని, ఇంకా తీవ్రంగానే ఉందని తేల్చారు. మూడో రోజు పొద్దున్నే క్రేన్ ఆపరేటరు గారి భార్య వీధిలోకొచ్చి, పిల్లలందర్నీ పిలిచి, వరసలో నిలబెట్టి, నడిపించుకుపోయింది. ఆవిడ మా అందరికంటే పెద్దది. చర్చిలో పాటలు పాడే గొంతు కాబట్టి ముందు నుంచి అరిస్తే వరస చివరిదాకా వినబడేది. మేం పెద్దక్క అనేవాళ్ళం. పిల్లలు మాత్రం ఇంజను అనేవారు.

వరస మధ్యలో నేనూ, సూపర్‌వైజరు గారి భార్యా. నేను పద్మనాభం దగ్గర వరి చేలల్లోంచి వచ్చినదాన్ని, మా ఆయన గుమాస్తా. ఆవిడది బెజవాడ వైపు. భర్త స్టీలు ప్లాంటు పనుల్లో సూపర్‌వైజరని ఆవిడే మొదటి రోజు చెప్పింది. తరవాత కూడా రోజూ చెప్పింది. మా మాటల్లో "నాను", "ఏటి" వింటే ఆవిడ కనుబొమలు కొంచెం పైకి లేచేవి. ఏడేళ్ళలో అవి అక్కడే స్థిరపడ్డాయి.

వరస చివర లారీ బుకింగ్ ఆఫీసు గుమాస్తా గారి భార్య నడిచేది. ఆవిడ మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. వెనకనుంచి, పిల్లలు పారేసుకున్న బలపాలూ, టిఫిను గిన్నెల మూతలూ, ఒంటి చెప్పులూ ఏరుకుంటూ వచ్చేది. గూడ్సు బండి ఆఖరి పెట్టెలో గార్డులా ఉందని పిల్లలు ఆవిడకి గార్డమ్మ అని పేరు పెట్టారు. మాకూ అదే అలవాటైంది.

ఏడేళ్ళు నడిచాం. రైలు గేటు దగ్గర ఇనుపరాయి మోసే గూడ్సు పెట్టెలు కదలకుండా నిలబడిపోతే పిల్లల చేత ఎక్కాలు చెప్పించాం. తరవాత పిల్లలకి సైకిళ్ళు వచ్చాయి. తల్లులతో కలిసి నడవడం వాళ్ళకి నామోషీ అయింది. ఒక సోమవారం నలుగురం వీధిలోకొచ్చి చూస్తే నడిపించడానికి ఎవరూ లేరు. పిండి రుబ్బాలనో, బట్టలు నానబెట్టాననో ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుని ఇళ్ళలోకి పోయాం.

అలవాటు మాత్రం చావలేదు. ఎనభైల్లోకి వచ్చేసరికి గురువారం మధ్యాహ్నాలు పెద్దక్క ఇంట్లో కలవడం మొదలైంది. మిగతా రోజులన్నిటికీ మాలో ఎవరికో ఒకరికి ఏదో ఒక దేవుడు అడ్డం వచ్చేవాడు. కలిసి ఏం మాట్లాడుకునేవాళ్ళం అంటే, పిల్లల గురించే. సూపర్‌వైజరమ్మ కొడుకు మార్కులతో మొదలై, ఆ మార్కులతోనే ముగిసేది. మధ్యలో ఖాళీ దొరికితే మా పిల్లలకొచ్చిన జ్వరాలు చెప్పుకునేవాళ్ళం.

ఒక గురువారం పెద్దక్కకి విసుగెత్తింది.

"ఇదిగో, ఇయ్యాల్టి నుంచి పిల్లల మాట ఎత్తకూడదు. ఎత్తినోల్లు ఎల్లి అందరికీ టీ పెట్టాల."

"మరేటి మాటాడుకుంతాం?" అన్నాను.

"మనం లేమేటి? మన గురించే మాటాడుకుందుం."

ఆ మొదటి గంటలో సూపర్‌వైజరమ్మ నాలుగుసార్లు టీ పెట్టింది. నాలుగో టీ తెస్తూ, "మా వాడైతే ఇంత పంచదార తాగనే తాగడు" అంటూ ఐదోదానికి వెనక్కి తిరిగింది. నేను రెండుసార్లు పెట్టాను. ఆ సాయంత్రం నలుగురికీ కడుపులో మంట.

రెండో వారానికి జాగ్రత్త వచ్చింది. ఆ జాగ్రత్తతో పాటు నిశ్శబ్దం కూడా వచ్చింది. గ్యాసు బండ ఎప్పుడొస్తుందో మాట్లాడుకున్నాం. ఆరేసిన బట్టల మీద ఎర్ర దుమ్ము గురించి మాట్లాడుకున్నాం. గోడ మీద గడియారం చప్పుడు బాగా వినబడింది. పోనీ మొగుళ్ళ గురించి మాట్లాడుకుందామంది పెద్దక్క. నలుగురు మొగుళ్ళూ పావుగంటలో అయిపోయారు.

మూడో వారం, అలాంటి ఒక నిశ్శబ్దంలో గార్డమ్మ నోరు విప్పింది.

"నాను టైపు నేర్సుకుంతన్నాను."

"ఏటి?" అంది పెద్దక్క.

"టైపు. మిషను మీద. ద్వారకా నగర్‌లో."

"ఎవరికోసం?" అని అడిగింది సూపర్‌వైజరమ్మ. అది ఎవరో ఒకరి కోసం కాకుండా చేసే పని ఎలా అవుతుందో ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

"ఎవురికోసమూ కాదు. మా పిల్లని సేర్పించాను. పది రోజులకి ఏళ్ళు నొప్పెడతన్నాయని మానీసింది. ఆ మాట మాస్టారికి సెప్దామని ఎల్లాను. ఆ గంటకి మిషను కాళీగా ఉందమ్మా అన్నాడు. కూకున్నాను."

"పిల్ల మాట ఎత్తారు" అంది సూపర్‌వైజరమ్మ. "టీ మీదే."

గార్డమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. మేం ముగ్గురం ఆవిడ వెనకే వెళ్ళాం. ముగ్గురు కూడా పట్టని ఆ వంటింట్లో నలుగురం ఒత్తుకుని నిలబడ్డాం.

"మీ ఆయనకి తెలుసా?" అన్నాను.

"అడగలేదు."

"నువ్వు సెప్పలేదా?"

"పొద్దున్న పదింటికి నానెక్కడుంతన్నానో ఆయన ఎప్పుడూ అడగలేదు వదినా. అడిగితే సెప్దును." టీ పొడి వేసి మూత పెట్టింది. "నెల్లాళ్ళలో టైపు లోయరు గ్రేడు పరీచ్చ ఉంది. కడతన్నాను."

ఆవిడ ఎస్సెల్సీ పాసైందని మాకు ఆ రోజే తెలిసింది. ఏడేళ్ళు ఒకే వరసలో నడిచాం. ఆవిడ పెద్దవాడి మొదటి పన్ను గేటు దగ్గర ఊడిందని నాకు తెలుసు. చిన్నదానికి కాకరకాయ పడదని తెలుసు. ఆవిడ ఎంతవరకు చదువుకుందో తెలియదు. ఆ మొగుణ్ణి తప్పు పట్టేందుకు నోరు తెరిచి, నేనూ ఎప్పుడూ అడగలేదని గుర్తొచ్చి మూసుకున్నాను.

ఇది విని సంతోషించాను అని రాసుకుంటే బాగుండును. మొదట కలిగింది అసూయ. మర్నాడే నేనూ బస్సెక్కి ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర దిగి ఆ టైపు ఇనిస్టిట్యూటుకి వెళ్ళి చేరిపోయాను. ఎనిమిది రోజులు వెళ్ళాను. ఎడమ చిటికెన వేలితో కొట్టాల్సిన అక్షరం ఒకటుంది, మొట్టమొదటి అక్షరమే. నా చిటికెన వేలు పుట్టిన దగ్గర్నుంచి ఏ పనీ చేసి ఎరగదు, ఇప్పుడు కొత్తగా చెయ్యనంది. నా పక్క మిషను మీద గార్డమ్మ తల ఎత్తకుండా పేజీలు దించుతోంది. తొమ్మిదో రోజు నుంచి నాకు ఇంట్లో చాలా పనులు గుర్తొచ్చాయి.

పరీక్ష ఊళ్ళోనే ఒక కాలేజీలో. ఎవరి మిషను వాళ్ళే తీసుకెళ్ళాలట. ఆ ఇనుప ముద్దని మోయడానికి ఒక్క మనిషి చాలదు. "మేం వత్తాం" అంది పెద్దక్క, మమ్మల్ని అడక్కుండానే.

ఆ పొద్దున్న ఇనిస్టిట్యూటు ముందు రిక్షా కట్టించాం. గార్డమ్మ ఎక్కి కూర్చుంటే మిషనుని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టాం. రిక్షాకి ముందు పెద్దక్క, చెరో పక్క సూపర్‌వైజరమ్మా నేనూ. సూపర్‌వైజరమ్మ సంచిలో మంచినీళ్ళ సీసా, పెరుగన్నం, రెండు చేతిరుమాళ్ళు, నాలుగు పెన్నులు తెచ్చింది. టైపు పరీక్షకి పెన్నులెందుకని అడిగితే, తన కొడుకు ఏ పరీక్షకైనా నాలుగు పెన్నులు తీసుకెళ్తాడంది. ఆ రోజుకి టీ శిక్ష రద్దు చేశాం.

రోడ్డు మీద జనం ఆగి చూశారు. ఒళ్ళో చిన్నపిల్ల అనుకున్నారో, దేవుడి పటం అనుకున్నారో, ఒక ముసలావిడ దణ్ణం కూడా పెట్టింది.

లారీ ఆఫీసు ఆ దారిలోనే ఉందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. గార్డమ్మకి తట్టిందేమో చెప్పలేను. గార్డమ్మ వాళ్ళాయన, గుమాస్తా గారు, మెట్ల మీద నిలబడి బీడీ ముట్టించుకుంటున్నారు. ముందు పెద్దక్కని చూశారు. తరవాత రిక్షానీ, రిక్షాలో భార్యనీ చూశారు. అగ్గిపుల్ల వేలిదాకా కాలింది.

"ఏటిది?" అన్నారు.

"మిషను" అంది గార్డమ్మ.

"ఎవురిది?"

"ఇనిస్టిట్యూటుది."

"పరీచ్చకెల్తంది తమ్ముడూ" అంది పెద్దక్క. "టైమైపోతంది. తరవాత మాటాడుకోండి."

కోప్పడతారనుకున్నాం, రిక్షా ఆపేస్తారనుకున్నాం. ఆయనకి మాత్రం అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటే తోచింది.

"మరి మద్దేన్నం అన్నం?"

"గిన్నిలో ఉంది. పులుసు పైన మూతెట్టాను."

"సరే అయితే" అని ఆయన లోపలికెళ్ళిపోయారు. ఇన్నాళ్ళూ గార్డమ్మ మనసులో దాచిన రహస్యం ఒక పులుసు గిన్నెతో తేలిపోయింది. రిక్షా కదిలాక ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా మొహం దుప్పటికి ఆనించుకుంది.

కాలేజీ గేటు దగ్గర కాపలావాడు మా ముగ్గుర్నీ ఆపాడు. "పేరెంట్సు బయటుండాల" అన్నాడు. "మీ పాపెక్కడమ్మా?"

"లోపలికెల్లింది" అంది పెద్దక్క. "నలబై రెండేళ్ళు."

లోపల అన్ని మిషన్లూ ఒక్కసారి మొదలయ్యాయి. మూకుడులో పేలాలు వేయించినట్టుంది చప్పుడు. అందులో మా మిషను ఏదో పోల్చుకోవాలని ముగ్గురం గోడకి చెవులు పెట్టాం. తనకి తెలిసిందంది సూపర్‌వైజరమ్మ. ఆవిడకి అన్నీ తెలుస్తాయి.

గార్డమ్మ సెకండ్ క్లాసులో పాసైంది. లారీ ఆఫీసులో గుమాస్తా గారు మిఠాయి పంచారు. ఆడవాళ్ళు కూడా చదువుకోవాలని తను మొదట్నుంచీ అనేవాణ్ణనీ, తనే బలవంతాన చేర్పించాననీ చెప్పారట. ఈ మాట గార్డమ్మ చెవిన వేస్తే, "అననీ వదినా, మిఠాయి ఆయనే కొన్నాడు కదా" అంది.

ఏడాది తిరక్కుండానే హార్బరు దగ్గర ఓడల సరుకు విడిపించే ఒక చిన్న ఆఫీసులో ఆవిడకి టైపిస్టు పని దొరికింది. గురువారాలు పోయాయి. ఆదివారం, పెద్దక్క చర్చి నుంచి వచ్చి వంట చేశాక, అక్కడే భోజనాలకి కలవడం మొదలైంది. ఏడేళ్ళు వరస చివర నోరు విప్పని మనిషి ఇప్పుడు గంటసేపు చెబితే మేం నోరు తెరుచుకుని వినేవాళ్ళం. ఏ ఓడ ఎన్నాళ్ళు బయట నిలబడిందో, ఏ దేశం నావికులు ఆఫీసుకొచ్చి పచ్చి మిరపకాయ కొరికి ఎలా గెంతారో చెప్పేది.

"మా మేనేజరుకి స్పెల్లింగు రాదు" అంది ఒకసారి. "ఆయన తప్పులు సెప్తాడు, నాను సరిసేత్తన్నాను, ఆయన సంతకం పెడతన్నాడు."

"నువ్వే పెట్టీ ఆ సంతకం కూడా" అంది పెద్దక్క.

పిల్లల మాట ఎత్తకూడదన్న నియమం ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. ఎత్తేవాళ్ళం, రెండు నిమిషాల్లో అయిపోయేది.

అలాంటి ఒక ఆదివారం సూపర్‌వైజరమ్మ గార్డమ్మని పక్కకి పిలిచింది. పక్క అంటే మా ఇద్దరికీ రెండు జానల దూరం.

"ఒక అప్లికేషను టైపు చేసి పెడతారా? చిన్నపిల్లల స్కూల్లో ఆయమ్మల పని చూసుకునే ఉద్యోగం. నాకు కాదు, మా చుట్టాలమ్మాయికి."

గార్డమ్మ కాగితం, పెన్సిలు తీసింది. "వయసు?"

"నలభై ఒకటి."

"సదువు?"

"ఇంటరు, మధ్యలో ఆగింది. పెళ్ళి కుదిరిందని."

"అనుబవం?"

"పదమూడు మంది పిల్లల్ని ఏడేళ్ళు స్కూలుకి నడిపించింది. ఒక్కళ్ళు కూడా తప్పిపోలేదు."

గార్డమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. రాసుకుంది. చుట్టాలమ్మాయి పేరు మాత్రం అడగలేదు. ఖాళీ వదిలేసి తెస్తాను, మీరే నింపుకోండి అంది. పెద్దక్క నా కాలు తొక్కింది, నేను నవ్వకుండా ఉండడానికి.

మూడు వారాల తరవాత సూపర్‌వైజరమ్మ భోజనానికి ఆలస్యంగా వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. వచ్చి కూర్చుని, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది. ఆ చుట్టాలమ్మాయికి తోడుగా తను కూడా ఇంటర్వ్యూకి వెళ్ళిందట. వాళ్ళకి ముప్ఫై అయిదు లోపు వాళ్ళు కావాలట. ఆ మాట వాళ్ళు చెప్పేలోపే తనకి స్కూలు నచ్చలేదట. కుర్చీలు సరిగ్గా లేవు, పంకా ఒకటి తిరగడం లేదు, అలాంటి చోట మా అమ్మాయి చెయ్యదని మొహమ్మీదే చెప్పి వచ్చేసిందట.

"మంచి పని సేసేరు" అంది గార్డమ్మ. "కుర్సీలు బాగోకపోతే నడుం పోద్ది."

"అదే మరి" అంది సూపర్‌వైజరమ్మ. ఆ రోజు ఆవిడ కనుబొమలు వాటి మామూలు చోట లేవు, కిందికి దిగి ఉన్నాయి.

పెద్దక్క పులుసు గిన్నె దగ్గరికి జరుపుకుని, వెతికి వెతికి, పెద్ద చేప ముక్క ఒకటి ఆవిడ కంచంలో వేసింది.