గేర్‌బాక్స్‌లో అక్షింతలు

నిన్న పొద్దున చాయ్ కప్పు చేతిలో ఉండగానే బాలరాజు ఫోన్.

"అన్నా, మా అన్న పోయిండు."

అంతే. ఏడవలేదు, ఫోనూ పెట్టలేదు. అవతల హాస్పిటల్ లిఫ్ట్ తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. నేను కప్పు కింద పెట్టి చెప్పులేసుకున్నాను.

మన మొఘల్‌పురా రాజన్న ఇక లేడు. సర్కారీ కార్ఖానాలో ఫిట్టర్‌గా రిటైరై, పెళ్లి జోలికి పోకుండా, తమ్ముడి ఇంటి మేడ మీద గదిలో ఉండే రాజన్న.

నిన్నటి నుంచి మన ఈ వాట్సాప్ గ్రూపులో "గోల్డెన్ హార్ట్", "దేవుడిలాంటి మనిషి" అని పెడుతున్నారు. పెట్టండి. పోయినవాడి గురించి అబద్ధం చెబితే ఎవరూ కేసు పెట్టరు.

నేను చిన్ననాటి దోస్తును. నాకా సౌకర్యం లేదు.

రిటైరయ్యాక రాజన్న రిమోట్‌తో నడిచే మిలిటరీ ట్యాంకు కొన్నాడు. నేను "బొమ్మ" అన్నాను. కొన్నాళ్లు నా ఫోన్ ఎత్తలేదు.

కొత్త డబ్బా విప్పితే ఎవరైనా ముందు రిమోట్ పట్టుకుంటారు. ఈయన స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు.

"కంపెనోడు గ్రీజు పిసినారి లెక్క పెడ్తడు భాయ్. కొత్తది గదా అని నమ్మి నడిపితే పండ్లు అరుగుతయ్."

గేర్ పళ్లకు అగ్గిపుల్ల కొసతో గ్రీజు. చక్రాల ఇరుసులకు సూది మొనతో ఒక్కో చుక్క నూనె. మిగిలింది పాత బనియన్ గుడ్డతో తుడుపు. రెండు పక్కల చైన్లకు మాత్రం నూనె తగలనిచ్చేవాడు కాదు. తడి ఉంటే గల్లీ దుమ్మంతా అంటుకుని చైన్‌ను నమిలేస్తుందట.

నూనె అంటే గుర్తొచ్చింది. ఆ నూనె కోసం మాదన్నపేటకు నన్నూ వెంటేసుకుని పోయాడు. కుట్టుమిషన్ సామాన్ల కొట్టు. కొట్టాయన "మషీన్ కౌన్సీ హై చచా?" అని ఏ మిషన్‌కో అడిగాడు. ఈయన గర్వంగా "ట్యాంక్" అన్నాడు. కొట్టాయన బిత్తరపోయి, "పానీ కీ టాంకీ కో తేల్ కాయ్కూ?" అన్నాడు. నీళ్ల ట్యాంకుకు నూనె ఎందుకంటున్నాడని నేను నవ్వాను. రాజన్న ఆ కొట్టు మెట్టు మళ్లీ ఎక్కలేదు.

అట్లాంటి మనిషి. పట్టుకుంటే వదలడు. పగ కూడా.

ఇప్పుడు దసరా సంగతి.

తమ్ముడు బాలరాజు బస్ కండక్టర్. పగలంతా వందమందితో లొల్లి పడి, ఇంట్లో ఒక్కరి మీద గొంతెత్తని మనిషి. ఆయుధపూజ నాడు స్కూటర్‌కు, మిక్సీకి, నీళ్ల మోటర్‌కు బొట్లు పెట్టుకుంటూ మేడెక్కాడు. బల్ల మీద ట్యాంకు. గ్రీజు కొత్తగా పెట్టి, మూత బిగించకుండా, రాజన్న స్నానానికి పోయాడు.

బాలరాజుకు లోపల మెరుస్తున్న గేర్లు కనిపించాయి. పైపైన బొట్టు పెడితే ఏం పుణ్యం అనుకున్నాడు. పసుపు, కుంకుమ, గుప్పెడు అక్షింతలు నేరుగా గేర్‌బాక్స్‌లోకి చల్లి దండం పెట్టాడు. మూత కూడా శ్రద్ధగా మూసి పెట్టాడు.

సాయంత్రం గల్లీ అంతా చూస్తుండగా రాజన్న ట్యాంకును కింద పెట్టి రిమోట్ నొక్కాడు. జానెడు నడిచింది. కటకటమని బియ్యం విరిగాయి. ఆగిపోయింది.

జనం నవ్వారు. మూత తీస్తే లోపల గ్రీజంతా ఎర్రటి ముద్ద.

"అన్నా, మంచిగుండాలెనని ఏసిన," అన్నాడు బాలరాజు.

"నీ చెయ్యి పడ్డది ఏదన్న బతికిందారా? అమ్మ బతికిందా?"

వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు ముద్ద కలిపి పెట్టిందీ, పక్కబట్టలు ఉతికిందీ బాలరాజే. రాజన్న డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడి చూసి పోయేవాడు.

నవ్వినవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లలోకి పోయారు.

ఫిట్టర్ కదా, ఒక పూటలో బాగు చేసుకోవచ్చు. చేయలేదు. ఆ ముద్దతోనే ట్యాంకును అద్దాల అల్మారాలో పెట్టాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ మూత తీసి చూపించేవాడు. "మా తమ్ముని భక్తి సూడుండ్రి." బాలరాజు అదే గదిలోకి చాయ్ తెచ్చి, తలొంచుకుని కప్పులు పెట్టి పోయేవాడు.

తర్వాత రాజన్న హాస్పిటల్ పాలయ్యాడు. లివర్. సెలవు పెట్టి పక్కనున్నది ఎవరో చెప్పక్కర్లేదు.

మొన్న మధ్యాహ్నం బాలరాజు ఇంటికొచ్చి అల్మారా తెరిచాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పిన్నీసుతో ఒక్కో బియ్యపు ముక్క పెరికాడు. గేర్లను కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, అగ్గిపుల్ల కొసతో గ్రీజు పెట్టాడు. అచ్చం వాళ్లన్న పెట్టినట్టే.

"ఇది నడిస్తే సాలన్నా. ఆ దసరా నాటి మాట ఎన్కకు తీస్కుంటడు."

సాయంత్రం వార్డులో ట్యాంకును నేల మీద వదిలాడు. చప్పుడు లేకుండా మంచాల కింద నుంచి పోయి, ఎవరివో చెప్పులెక్కి దిగింది. నర్సమ్మ "ఏంది గీ ఆటలు?" అని తిట్టబోయి తనూ చూస్తూ ఉండిపోయింది. పక్క మంచం పెద్దాయన "షాబాష్ మియా!" అన్నాడు.

రాజన్న దగ్గరికి రమ్మని వేలు కదిపాడు. బాలరాజు వాళ్లన్న నోటి దగ్గర చెవి పెట్టాడు. నేనూ వంగాను.

"గ్రీజు ఎక్కువైంది."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ మాట్లాడలేదు. తెల్లారి ఆ ఫోన్.

నిన్న శ్మశానంలో ఆ గ్రీజు మాట సంగతి విని ఎవరో బాలరాజు భుజం తట్టారు. "గా మాట మీ అన్న ప్రేమ రా. ఆయన గట్లనే చెప్తడు." బాలరాజు నా మొహం చూశాడు. అంతమందిలో నాకు నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

బాలరాజూ, అది ప్రేమ కాదు. గ్రీజు సరిగ్గానే ఉంది. నేను చూశాను. మీ అన్నకు నాకంటే బాగా తెలుసు.

మీ అమ్మ నీ చెయ్యి పడి పోలేదురా. అన్ని రోజులూ నీ చేతుల మీదే బతికింది.

రాజన్నా, పోయిరా దోస్త్. నీకు శాంతి దొరకాలి. నీ తమ్ముడికి దొరికాకే దొరకాలి.