ఎవరిదీ కాని సాంచాలు

మొన్న కోరుట్లలో ఒక పెళ్ళికి వెళ్తే, భోజనాల బంతిలో మా అక్క అల్లుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను విస్తరి వదిలి లేచి అవతలి వరుసలోకి పోయాను. ఇంకా మరచిపోలేదా అని చుట్టాలు నవ్వారు. మరచిపోలేదు, మరచిపోవలసిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

సిరిసిల్లలో మా బావకు, అంటే ఆ అక్క భర్తకు, సాంచాల షెడ్డు ఉండేది, నేను పనిచేసిందీ అందులోనే. మరమగ్గాన్ని మావైపు సాంచా అంటామని నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో ఒక్కో మనిషికి నాలుగు సాంచాలు అప్పగిస్తే ఇక అవి అతనివే. పోగు తెగితే అతికేదీ, నూలు అయిపోతే కండె మార్చేదీ, నూనె పోసేదీ, బట్టలో తప్పు వస్తే తిట్లు తినేదీ అతనే. దసరానాడు ఎవరి సాంచాలను వాళ్ళు కడిగి, బొట్టు పెట్టి, కాయ కొట్టుకునేవాళ్ళం. నా నాలుగింటిలో మూలది ఒట్టి మొండిది, నాకు తగినదే దొరికిందని తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు.

జగిత్యాలలో చదువుకున్న అల్లుడు షెడ్డును చేతిలోకి తీసుకుని పనిని ముక్కలు చేశాడు. ఒకరు షెడ్డంతా తిరిగి పోగులు అతకాలి, ఒకరు కండెలు మార్చాలి, ఒకరు నూనె పోయాలి, ఏ సాంచా ఎవరిదీ కాదు. బట్ట ఎక్కువ దిగిన మాట నిజమే, కాదనను. ఆ ఏడు దసరాకు గుమ్మం దగ్గర అందరికీ కలిపి ఒకే కాయ కొట్టించాడు. నేను మాత్రం, అలవాటు కొద్దీ, కొంత పంతం కొద్దీ కూడా, నా పాత నాలుగింటినీ కడిగి బొట్టు పెట్టాను. అతను గుడ్డముక్క తెచ్చి నా కళ్ళముందే తుడిచేశాడు.

"గీ బొట్లు చూసి రేపు ఒక్కొక్కడు గిది నా సాంచా అంటడు మామా. గట్ల నడ్వది."

"తుడిస్తే తుడిచినవు. రేపు బట్ట ఖరాబైతే ఎవన్ని అడుగుతవు?" అన్నాను.

"ఎవడు దొరికితే వాన్నే అడుగుత."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను బావ వైపు చూశాను. నాకు పని నేర్పింది ఆయనే. ఒక్క మాట అంటే చాలు, ఉండిపోయేవాణ్ణి. ఆయన తల వంచుకుని చుట్టిన బట్ట అంచు సవరిస్తూ ఉండిపోయారు. చేతులు కడుక్కుని బయటికి వచ్చేశాను. అక్క మా ఇంటికి వచ్చి, ఒక్క బొట్టుకు ఇంత పంతమా తమ్మీ అని ఏడ్చింది. పోయింది బొట్టు కాదని ఆమెకు చెప్పలేకపోయాను. మళ్ళీ ఆ గడప తొక్కింది ఆమె పోయిననాడే.

ఇప్పుడు చాలా షెడ్లది అదే పద్ధతి. వెనకటికి ఎవరైనా కాలం చేస్తే అతని సాంచాలను ఆ రోజంతా ఆపి ఉంచేవారు. మిగిలినవి ఎంత చప్పుడు చేస్తున్నా, ఆ నాలుగూ ఊరకుంటే, లోపలికి వచ్చిన ప్రతివాడికీ ఎవరు లేరో తెలిసేది. పోయిన నెల మా వాడలో ఒకతను పోయాడు, చిన్నప్పటి నుంచీ సాంచాల మీద బతికినవాడు. తోటివాళ్ళకు ఆపాలనే ఉందట. ఏవి ఆపాలో తెలియక, అన్నీ నడిపించారట.