ఓడిన ఏడాది మస్టాంగ్, మా మస్తాన్ అంకుల్

నిన్న ఆఫీస్‌లో మీటింగ్ మధ్యలో మస్తాన్ అంకుల్ కూతురు స్నేహ ఫోన్ చేసింది.

"అన్నా, నాన్న ఇంక లేరు" అంది. హార్ట్ ఎటాక్.

పొద్దునే కదా అంకుల్, నేనూ కలిసి కాఫీ తాగాం. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇప్పటికీ కావట్లేదు.

మస్తాన్‌రావు అంకుల్ నాకు చుట్టం కాదు. ఇక్కడ అమెరికాలో మాస్టర్స్ అయ్యాక చాండ్లర్ అనే ఊళ్ళో వాళ్ళింట్లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. ఆ ఇంట్లో గరాజే అసలు ఇల్లు, మిగతా గదులన్నీ దానికి వసారా. అందులో ఎర్ర మస్టాంగ్ కూపే కారు, అరవై తొమ్మిది మోడల్.

నెల్లూరు వైపు ఒక మస్తాన్ దర్గాకి మొక్కుకుంటే పుట్టారని ఆయనకి ఆ పేరు. కారు కొన్న రోజు వాళ్ళమ్మకి ఫోన్ చేసి "మస్టాంగ్ కొన్నానమ్మా" అన్నారట. ఆవిడకి మస్తాన్ అని వినిపించింది.

"అమెరికా వాళ్ళు గూడా ఆయన పేరే పెట్టుకున్నారా నాయనా? ఇంక నీకేం భయం" అందట. దర్గా నుంచి పచ్చగుడ్డ తెప్పించి పంపింది.

అంకుల్ ఆ పొరపాటు ఎప్పుడూ దిద్దలేదు. బండి తోలడానికి రేస్ ట్రాక్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఆ గుడ్డని సీటు వెనక ఇనప పైపుకి ముడేసేవారు. బండి చెక్ చేసే తెల్లాయన ఇదేంటని అడిగితే "ఇన్సూరెన్స్" అనేవారు.

రెండోసారి కూడా హెచ్‌వన్ వీసా లాటరీలో నా పేరు రాని రోజు, ఇండియా వెళ్ళిపోదామని సూట్‌కేస్ కిందకి దించాను. అంకుల్ చూశారు. గరాజ్‌కి తీసుకెళ్ళి, బానెట్ ఎత్తి, టార్చ్ నా చేతికిచ్చారు.

"అరవై ఆరు, అరవై ఏడు, రోడ్ రేసుల్లో ఛాంపియన్ మనమే. అరవై ఎనిమిది పోయింది. అరవై తొమ్మిదీ పోయింది. రెండేళ్ళూ మన పోటీ కారు కామారో వాడే కప్పు కొట్టుకుపోయాడు. మస్టాంగ్ పనైపోయిందన్నారబ్బయ్యా. మరి డెబ్భైలో ఏమైంది?"

ఈ హరికథ నేను చాలాసార్లు విన్నదే. "మళ్ళీ గెలిచింది అంకుల్."

"ఇది నీ అరవై తొమ్మిది. సూట్‌కేసు పైన పెట్టు."

మరి గెలిచిన ఏడాది బండి కొనకుండా ఓడిన ఏడాదిది ఎందుకు కొన్నారని అడిగాను.

"ఓడినదానికి రోషం ఎక్కువ" అన్నారు.

సూట్‌కేస్ పైన పెట్టేశాను.

ఈ ఏడాదిది నాకు మూడో లాటరీ, ఆఖరి ఛాన్స్ కూడా. రిజల్ట్ ఇంకా రాలేదు. రోజూ ఆయనది ఒకటే ప్రశ్న. "అబ్బయ్యా, డెబ్భై వచ్చిందా?"

నిన్న పొద్దున కాఫీ దగ్గర కూడా అడిగారు. ఇవాళ అడిగేవాళ్ళు లేరు.

ఇవాళ పొద్దున ఇల్లంతా జనం. స్నేహ మాత్రం గరాజ్‌లో, వాళ్ళ నాన్న సీట్లో కూర్చుని ఉంది. గరాజ్ తలుపు ఎత్తి, ఇంజన్ ఆన్ చేసి ఉంది.

"అన్నా, అంకుల్‌లు అందరు కార్ సేల్ చెయ్ అంటున్నారు. నేను చెయ్యను. ట్రాక్‌కి నేనే తీసుకెళ్తాను. నువ్వు వస్తావు కదా?"

వెనక పైపుకి పచ్చగుడ్డ కట్టింది, షూ లేస్ ముడి వేసి. లాగి చూశాను, గట్టిగానే ఉంది.

తను ట్రాక్‌కి వెళ్ళేనాటికి నేను ఈ దేశంలో ఉంటానో లేదో నాకే తెలియదు.

వస్తానన్నాను.

అంకుల్, డెబ్భై రాగానే ముందు గరాజ్‌కే వచ్చి మీకు చెప్తాను. ఇంక మీ ఇంజన్ చల్లారనివ్వండి, హాయిగా పడుకోండి. బండి మేం చూసుకుంటాం.