సువర్ణమ్మ చేతి ఆముదం

సువర్ణమ్మ చదువు మొదలుపెట్టిన రోజున కంప్యూటర్ మౌసు ఆమె చేతిలోంచి జారి, బల్ల అంచు దాటి, కింద ఉన్న మంచినీళ్ల బకెట్లో పడింది. జెన్నిఫర్ దాన్ని తోక పట్టి పైకి తీసింది, తువ్వాలుతో తుడిచింది, చర్చి ప్రహరీ గోడ మీద ఎండలో పెట్టింది. సాయంత్రానికి శుభ్రంగా ఆరింది. పనిచెయ్యలేదు.

తప్పు మౌసుదీ కాదు, బకెట్‌దీ కాదు. సువర్ణమ్మ అరచేతుల నిండా ఆముదం ఉంది. ఆమె పలాసలో జీడిపిక్కలు కొడుతుంది. పిక్క పగిలినప్పుడు చిమ్మే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది కనక, పీట మీద కూచునే ముందు ఆడవాళ్లు చేతులకి ఆముదం పట్టించి బూడిద అద్దుకుంటారు. పనికి కూచోవడమంటే ముందు కొంగు ముడి విప్పి చిన్న ఆముదం సీసా తియ్యడమే. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ సువర్ణమ్మకి అదే అలవాటు. కంప్యూటర్ ముందు కూచోవడం కూడా పనే అనుకున్నాయి ఆమె చేతులు. ఆమెని అడగలేదు.

ఇది రెండువేల ఏడు నాటి మాట. పలాస పక్కనే కాశీబుగ్గలో మా వీధి చివర చర్చి పక్క గదిలో సంఘం వాళ్లు ఒక కంప్యూటరూ నెట్ కనెక్షనూ పెట్టించి, బడి మధ్యలో మానేసిన వాళ్లకి పదో తరగతి చెప్పిస్తున్నారు. ఆ బడికి గంట లేదు, వరసలో నిలబెట్టేవాళ్లు లేరు. మాస్టారు విశాఖపట్నంలో ఉంటాడు. ఆయన పాఠాలు నెట్‌లో వస్తాయి. ఎవరికి ఎప్పుడు వీలైతే అప్పుడు వచ్చి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని వినొచ్చు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయనే లైన్లోకి వచ్చి ప్రశ్నలు అడుగుతాడు. పరీక్షలు మాత్రం టెక్కలి వెళ్లి, హాల్లో కూచుని రాయాలి. పాస్టరు గారి అమ్మాయి జెన్నిఫర్ ఆ గదికి తాళం తీసేదీ, కంప్యూటర్ ఆన్ చేసేదీ, బకెట్ దూరంగా జరిపేదీ.

సువర్ణమ్మ ఈ వయసులో చదువుకి రావడానికి కారణం ఆమె చేతులే. వేళ్ల చివర చర్మం పొరలు పొరలుగా ఊడి, ఉప్పు తగిలితే ప్రాణం పోయేటట్టు మండేవి. ఆసుపత్రిలో చూపిస్తే పిక్కల పని మానమన్నారు. మానేసి ఏం తినాలో వాళ్లు చెప్పలేదు. మా వీధి అంగన్‌వాడీ టీచర్ వచ్చే ఏడాది దిగిపోతోంది. ఆ పని దొరకాలంటే పదో తరగతి పాసవ్వాలి. సువర్ణమ్మ ఎనిమిదితో ఆపేసింది. ఉన్నది ఈ ఒక్క దారి, ఒక్క ఏడాది.

అందుకని ఆమెకి ప్రతిదీ భయమే. మొదటి ఆదివారం మాస్టారి గొంతు చెవిలో "సువర్ణమ్మ గారూ, వినిపిస్తోందా?" అనగానే చటుక్కున లేచి చేతులు కట్టుకు నిలబడింది. తీగ బిగుసుకుని కంప్యూటరు కూడా ఆమెతోపాటు లేవబోయింది.

"ఓలమ్మా! అక్కా, కూకో. ఆయన నిన్ను సూడ్డు" అంది జెన్నిఫర్.

"సూడకపోతే నా పేరెలాగ తెలిసిందే?"

"నాను సెప్పినాను."

"ఇంకేటి సెప్పినావు? బకెట్ సంగతి కూడా సెప్పేసినావేటి?"

ఆ తర్వాత కూడా తెర మీద కెమెరా కన్ను కనబడితే చాలు, కొంగు తల మీదికి లాక్కునేది. జవాబు తెలిస్తే జెన్నిఫర్ చెవిలో చెప్పేది. అన్నిటికంటే ఎక్కువ భయం ఆ బడికి గంట లేకపోవడం. గంట కొట్టే బడిలో నాలుగింటికి భయం కూడా ఇంటికి వెళ్లిపోతుంది. ఇది ఎప్పుడైనా రమ్మనే బడి, కాబట్టి ఎప్పుడూ వెళ్లనట్టే ఉండేది ఆమెకి. కూర తాలింపు పెడుతుంటే సామాన్యశాస్త్రం గుర్తొచ్చేది, సామాన్యశాస్త్రం వింటుంటే మాడిన తాలింపు.

భర్త డేనియల్ ఆటో నడుపుతాడు. మంచివాడే. కాకపోతే అన్నం ముందు కూచున్నప్పుడు అంత మంచివాడు కాదు.

"ఎప్పుడైనా ఎల్లొచ్చన్నారు గదా, రేపెల్లు. ఇయ్యాల సేపల పులుసెట్టు."

"నిన్న కూడా అదే అన్నావు మావా."

"నిన్న పులుసు బాగుంది మరి. నానేటి సేసేది?"

పులుసూ పెట్టింది, పాఠమూ వింది. ఏడాది అలాగే గడిచి, పరీక్షలు వచ్చాయి. తెలుగు, సాంఘికం ఎలాగో గట్టెక్కాయి. మిగిలింది లెక్కలు.

ఆ ఉదయం డేనియలే ఆటోలో టెక్కలి తీసుకెళ్లి దింపాడు. హాల్లో నీలకంఠం మాస్టారు కాపలా. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ తెల్లచొక్కాలో మడత నలగకుండా నిలబడి చెప్పాడు: "అందరూ ఇనండి. పేపరు మీద పేరు రాసినా, దేవుడి బొమ్మేసినా, శిలువేసినా, ఇది ఫలానా వాళ్లదని తెలిసే గుర్తు ఏదున్నా మాల్ ప్రాక్టీసే. పేపరు కొట్టేత్తారు. ఆనక నన్నడిగితే లాభం లేదు."

ఇదంతా సువర్ణమ్మ చెవులు విన్నాయి. చేతులు వినలేదు. బల్ల ముందు కూచున్నాయి కదా, పని మొదలవబోతోంది కదా, కొంగు ముడి విప్పి, సీసా తీసి, రెండు అరచేతులకీ ఆముదం దట్టంగా పట్టించాయి. బూడిద కోసం కుడిచెయ్యి బల్ల కింద వెతుకుతున్నప్పుడు ఆమెకి తెలివొచ్చింది. అప్పటికే జవాబుపత్రం ఎడమచేతి కింద ఉంది.

చెయ్యి తీసి చూస్తే అయిదు వేళ్లూ కాగితంలో దిగి ఉన్నాయి. ఆ అయిదు కిటికీల్లోంచి కింది కాగితం గీతలు కనబడుతున్నాయి. అంతకంటే స్పష్టంగా ఫలానా వాళ్లదని తెలిసే గుర్తు ఇంకొకటి లేదు. హాలంతా గుప్పుమని ఆముదం వాసన. ముందు బల్ల కుర్రాడు వెనక్కి తిరిగి చూసి, ముక్కు ఎగబీల్చి, మళ్లీ తిరిగిపోయాడు.

చేతులు చీరకి తుడిచింది. తుడిచేకొద్దీ చీర జిడ్డయింది గాని చేతులు ఆరలేదు. ఇంకో కాగితం అడుగుదామంటే, ఎందుకమ్మా అంటాడేమోనని భయం. లేచి వెళ్లిపోదామంటే ఉన్నది ఈ ఒక్క ఏడాదే. కలం వేళ్లలో జారుతుంటే పిడికిలితో పట్టుకుని, పిక్క కొట్టే సుత్తిలాగా, లెక్కలు చేసింది. ఏ లెక్క చేసిందో ఆమెకి తెలియదు. కళ్లముందు ఒకటే కనిపిస్తోంది: కొట్టేసిన పేపరు, మళ్లీ ఆ పీట, ఆ పిక్కలు.

చివర పేపర్లు తీసుకుంటూ నీలకంఠం ఆగాడు. రెండు వేళ్లతో ఎత్తి వెలుతురుకి పట్టాడు.

"ఏటమ్మా ఇది? పకోడీలు సుట్టినావా?"

"ఆముదం బాబూ... పొరపాటున..."

"ఆముదమా!" వేళ్లు చూసుకున్నాడు. "నాను సెప్పింది ఇన్లేదా నువ్వు?"

"నాను ఇన్నాను బాబూ."

"మరింకేటి! దిద్దేవోళ్లు కొట్టేత్తారో, ఉంచుతారో. నా సేతుల్లో లేదు." ఆ మాట అని, పేపరుని మిగతా వాటి మధ్యలో దోపేశాడు.

ఈ సంగతి ఆమె డేనియల్‌కి చెప్పలేదు. జెన్నిఫర్‌కి చెప్పింది. జెన్నిఫర్ మొహం కూడా పాలిపోయింది. ఆదివారం లైన్లో విశాఖ మాస్టారిని అడిగారు. మరక ఎంత మేర ఉందని ఆయన అడిగాడు. తర్వాత, "చూడండి సువర్ణమ్మ గారూ, ఇలాంటి కేసుల్లో సాధారణంగా..." అన్నాడు. లైను కట్టయింది. పరీక్షలైపోయాయి కనక ఆ పై ఆదివారం నుంచి ఆయనకి సెలవు.

ఆ 'సాధారణంగా' దగ్గరే సువర్ణమ్మ వేసవంతా ఉండిపోయింది. రాత్రి నిద్ర లేదు. ఒకరోజు మా వీధిలోకి గవర్నమెంటు జీపు వచ్చింది. సువర్ణమ్మ మా పెరట్లోకి పరిగెత్తుకొచ్చి స్నానాలగది వెనక కూచుంది. వాళ్లు మలేరియా మందు కొట్టేవాళ్లు. పాపం, స్నానాలగది వెనకే దోమలుంటాయని నేరుగా అక్కడికే వచ్చారు. మందు కొట్టేవాడు ఆమెని చూసి అరిచాడు, ఆమె వాణ్ని చూసి అంతకంటే గట్టిగా అరిచింది. "నాను కావాలని సెయ్యలేదు బాబూ" అని ఏడుస్తుంటే, వాడు మందు డబ్బా కింద పెట్టి, "నాను కూడా కావాలని రాలేదమ్మా" అని క్షమాపణ చెప్పుకున్నాడు.

ఫలితాలు నెట్‌లోనే వచ్చాయి. గది నిండా జనం. జెన్నిఫర్ నంబరు కొట్టింది. తెర మీద పైనుంచి కొంచెం కొంచెంగా కాగితం దిగుతోంది. నంబరు వచ్చింది, పేరు వచ్చింది, కరెంటు పోయింది.

సువర్ణమ్మ గోడకి ఆనుకుని కిందికి జారి కూచుంది. అందరూ ఉక్కపోతలో అలాగే ఉండిపోయారు. డేనియల్ ఆటో పక్కన పెట్టి గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్లాం మొహం చూశాక విషయమేదో ఉందని అతనికి అప్పుడే తట్టింది. "ఏటయింది నీకు?" అన్నాడు. ఆమె జవాబుగా అరచేతులు రెండూ తెరిచి చూపించింది. అతనికి ఏమీ అర్థం కాలేదు గాని పక్కన కూచున్నాడు.

కరెంటు వచ్చింది. మళ్లీ నంబరు, మళ్లీ పేరు. లెక్కలు, ముప్ఫై తొమ్మిది. కింద పాస్ అని ఉంది.

"అక్కా, పాసయిపోనావు!"

"సరిగ్గా సూడే. కరెంటు పోకముందు ఏటుందో."

కాగితం చేతికొచ్చాక కూడా ఆమె భయం పోలేదు. ఎవరో పొరపాటు చేశారనీ, తెలిశాక వచ్చి పట్టుకుపోతారనీ. అంగన్‌వాడీలో చేరి, వేళ్ల మీద కొత్త చర్మం వస్తున్నా అదే భయం.

ఒక సాయంత్రం ఆమె డేనియల్ ఆటోలో ఇంటికి వస్తుంటే, పలాస స్టేషన్ దగ్గర సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి చెయ్యెత్తి ఎక్కాడు. ఆ తెల్లచొక్కాని ఆమె వెంటనే గుర్తుపట్టింది. కొంగు మొహమ్మీదికి లాక్కుని మూలకి ఒదిగింది. ఒదిగితే ఏం, సీటు అంచు పట్టుకున్న చేతులు బయటే ఉన్నాయి.

"నువ్వా!" అన్నాడు నీలకంఠం. "ఆముదం!"

ఆమె చేతులు కొంగులో దాచుకుంది. డేనియల్ ఆటో ఆపేశాడు.

"నీ పుణ్యమా అని ఆ రోజు నాకు ఎన్ని సీవాట్లో తెలుసా? కట్ట కట్టేసరికి నీ నూనె పైకీ కిందికీ పాకి, ఎన్ని పేపర్లకి పట్టేసిందో! ఏది ఎవరిదో తెలీకుండా అన్నిటికీ మరకలే. అన్ని పేపర్లూ ఎలాగ కొట్టేత్తాం, వదిలేత్తాం గాని, నీలకంఠం, నీ సేతులు సూపించు అని పైవోళ్లు అందరి ముందూ నిలబెట్టినారు నన్ను. కొత్త సొక్కా, దాని ముందువైపంతా జిడ్డే. ఇప్పటికీ పోలేదు. ఏటి సెప్తావు దీనికి?"

సువర్ణమ్మ కొంగు కొంచెం పక్కకి తీసి, భయంభయంగా అడిగింది: "మరి ఆళ్లంతా కూడా పాసయినారా బాబూ?"